బిగించినవాడే కూర్చోవాలి

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. పడవ ఇంజనుకి పొగ గొట్టం ఎవరు బిగిస్తారో, మొదటిసారి ఇంజను తిప్పినప్పుడు వాళ్ళే పడవ గదిలో తలుపు వేసుకుని గంటసేపు కూర్చోవాలి. తాత పెట్టిన రూలు అది. "ఊరికే బిగించమంటే చేతులు బిగిస్తాయిరా. నీ ఊపిరే అందులో పెట్టమంటే ప్రాణం బిగిస్తుంది" అనేవాడట ఆయన. గంట కూర్చుని, తలనొప్పి లేకుండా కళ్ళు తిరక్కుండా బయటికి వచ్చినవాడు, గోడకి వేలాడే చెక్కపలక మీద ఆ పడవ నంబరు పక్కన తన గుర్తు వేస్తాడు. పెద్దోడి గుర్తు సున్నా. చిన్నోడి గుర్తు అడ్డగీత. పలక మీద గుర్తులకి ఉన్నది ఒకటే వరస. బిగించినవాడూ కూర్చున్నవాడూ ఒక్కడే అయినప్పుడు రెండో వరసతో పనేముంది?

పెద్దోడు, చిన్నోడు అంటే పిల్లలనుకునేరు. పెద్దోడు యాభై ఆరో ఏట పోయాడు. చిన్నోడికి ఇప్పుడు యాభై రెండు. ఆఫీసు కాగితాల మీద తప్ప ఆ అన్నదమ్ముల అసలు పేర్లు రేవులో ఎవరికీ గుర్తులేవు.

పలక మీద ఆఖరి నంబరు పక్కన పధ్నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది. ఆ పడవలో కూర్చున్నది పెద్దోడు. తన కాళ్ళ మీద తను బయటికి రాలేదు కాబట్టి గుర్తు వేయలేదు.

ఇప్పుడు అదే పడవకి మళ్ళీ పొగ గొట్టం బిగిస్తున్నారు. బిగిస్తున్నది పెద్దోడి కూతురు.

"క్లిప్పు" అంది నట్టు, ఇంజను గుంతలోంచి చెయ్యి మాత్రం పైకి చాపి.

"పెద్దదా, చిన్నదా?"

"గొట్టం ఎంత లావుందో కనపడట్లేదా బాబాయ్?"

"నాకు కనపడేవి నీ కాళ్ళు. తలకాయ ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి."

"తలకాయ ఉన్నవాళ్ళు ఈ పనిలోకి వస్తారా?"

అది పెద్దోడి మాట. అచ్చం ఆ విరుపుతోనే అంది. చిన్నోడు నవ్వబోయి, ఆగి, క్లిప్పు ఆ చేతిలో పెట్టాడు. నాలుక తనంతట తనే పైకి పోయి, కుడివైపు పన్ను లేని సందులో దూరింది. పధ్నాలుగు నెలలుగా అదొక అలవాటైపోయింది.

నట్టుకి ఇరవై నాలుగేళ్ళు. చిన్నప్పుడు తండ్రి సామాను పెట్టెలోంచి నట్లు ఏరి గౌను జేబులో వేసుకునేది. నడిస్తే గలగలమనేది. పేరు అలా అంటుకుంది. తండ్రి ఉన్నన్నాళ్ళూ చెక్కకి వార్నిషు పూసే పని చేసింది. ఆయన పోయాక పానా పట్టుకుంది. ఆ పధ్నాలుగు నెలల్లో షెడ్డుకి ఒక్క కొత్త పడవ రాలేదు. తలుపుల బందులు, లంగరు గొలుసులు, ఎవరో విరగ్గొట్టుకున్న తెడ్లు, అంతే. చివరికి ఈ పాత పడవ యజమానే తిరిగి వచ్చాడు. "మొదలుపెట్టింది మీరు, ముగించండి. కాని మీ పద్ధతి ప్రకారమే. ఎవరు బిగిస్తే వాళ్ళు నా ఎదురుగా కాకపోయినా మీ రేవు ఎదురుగా కూర్చోవాలి" అన్నాడు. నట్టు సరేనంది. అడిగింది చిన్నోణ్ణే అయినా సరేనన్నది ఆ పిల్ల.

పడవ పొగ గొట్టం మోటారు సైకిలుకి ఉన్నట్టు ఉండదు. ఇంజనులోంచి నిప్పులాంటి పొగ ఇనప ఎల్బోలోకి, అంటే మోచేయిలా వంగిన ముక్కలోకి వస్తుంది. ఇంజనుని చల్లబరిచిన నీళ్ళు అక్కడే పొగలో కలుస్తాయి. ఆ రెండూ కలిసి రబ్బరు గొట్టంలోంచి కిందికి, కుండలాంటి సైలెన్సర్‌లోకి జారతాయి. కుండ నిండేకొద్దీ పొగే నీళ్ళని తోసుకుంటూ పైకెక్కి, ఒంటె మూపులాంటి వంపు దాటి, పడవ వెనక బెజ్జంలోంచి బయటికి ఉమ్మేస్తుంది. ఆ వంపు లేకపోతే బయటి నీళ్ళు వెనక్కి నడిచొచ్చి ఇంజనులో కూర్చుంటాయి. గొట్టం ప్రతి మూతి దగ్గరా రెండేసి క్లిప్పులు. ఒకసారి చల్లగా ఉన్నప్పుడు బిగించాలి, గంట తిరిగి వేడెక్కాక ఇంకోసారి. రబ్బరు వేడికి మెత్తబడి లొంగుతుంది. అప్పుడు పట్టేదే అసలు పట్టు. అన్నిట్లోకీ ముఖ్యం ఎల్బో మూతి. అక్కడ సందు పడితే పొగ బయటికి పోదు, పడవ గదిలోకి వస్తుంది. పెట్రోలు ఇంజను పొగలో ఉండే ఆ విషానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టు వస్తుంది.

చిన్నోడికి ఇదంతా పాతికేళ్ళుగా తెలుసు. ఆ రోజు కూడా తెలుసు.

ఆ రోజుకి మూడు రోజుల ముందునుంచి పన్ను సలుపుతోంది. దవడ ఒక పక్క బంతిలా వాచింది. పళ్ళ డాక్టరు నాలుగింటికి రమ్మన్నాడు. మూడున్నరకి ఎల్బో మూతి దగ్గర పడుకుని క్లిప్పులు బిగిస్తున్నాడు. పైదాన్ని పంటి నొప్పి ఎంత బిగించనిస్తే అంత బిగించాడు. కిందిదాని స్క్రూ ఇంజను గోడవైపు తిరిగిపోయింది. పానా దూరదు. విప్పి, తిప్పి, మళ్ళీ వేయాలి. పది నిమిషాల పని. వేళ్ళతో తిరిగినంత తిప్పి వదిలేశాడు. ఎలాగూ వేడెక్కాక మళ్ళీ బిగిస్తాం కదా, అప్పుడు చూసుకుందాం అనుకున్నాడు. కూర్చోబోయేది తనే అన్న ధీమా కూడా ఉంది. డాక్టరు దగ్గరినుంచి వచ్చాక ఇంజను తిప్పొచ్చు.

గుంతలోంచి పైకొచ్చేసరికి అన్న నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే నువ్వు పో. ఆ బుగ్గ చూస్తుంటే నాకు నొప్పి పుడుతోంది. సాయంత్రం దాకా ఎందుకు, నేను కూర్చుంటాలే."

"రూలో?"

"రూలు పెట్టేనాటికి తాతకి ఒక్క పన్ను లేదురా. పంటి నొప్పి సంగతి ఆయనకేం తెలుసు? పో."

ఇద్దరూ నవ్వారు. చిన్నోడు దవడ పట్టుకుని నవ్వాడు. "అన్నా, కింద ఒకటి వదులుగా ఉంది" అనడానికి ఒక్క ఊపిరి చాలు. అంటే అన్న వెంటనే గుంతలోకి దిగేవాడు, దిగితే తను కూడా దిగాల్సి వచ్చేది, నాలుగు దాటిపోయేది. అనలేదు.

పన్ను పీకించుకుని, దూది కరుచుకుని ఐదున్నరకి తిరిగొచ్చేసరికి ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. గది తలుపు తీశాడు. పెద్దోడు మూలకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖం ఎప్పుడూ లేనంత ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది.

మర్నాడు రేవు ఆఫీసరు వచ్చి గొట్టం చూశాడు, వేలెడు సందు చూశాడు, వదులు క్లిప్పు చూశాడు. "ఇది ఎవరు బిగించారు?" అని అడిగాడు. చిన్నోడి నోట్లో ఇంకా రక్తం రుచి ఉంది.

"మా షెడ్డులో బిగించినవాడే కూర్చుంటాడండీ" అన్నాడు.

ఆఫీసరు తల ఊపి రాసుకున్నాడు. చిన్నోడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అందుకే అది అంత గట్టిగా నిలబడిపోయింది.

పోయినవాడికి పేరుతో పనేముంది అని తనకి తను చెప్పుకున్నాడు. ఉన్నవాళ్ళకి తిండి కావాలి, షెడ్డు తెరిచి ఉండాలి, తన పేరు కూడా పోతే వదిననీ పిల్లనీ ఎవరు చూస్తారు? అలా చెప్పుకుంటూ రోజూ మధ్యాహ్నం వదిన తెచ్చి వడ్డించిన కంచం ముందు కూర్చున్నాడు. తిన్నాడు కూడా.

"పేరు గొప్ప, గొట్టం దిబ్బ" అని రేవులో ఒక మాట పుట్టింది. పుట్టించింది పక్క షెడ్డు పెయింటరు. ఆ పెయింటరే ఇప్పుడు రంగు డబ్బా పట్టుకుని రేవు మెట్ల మీద కూర్చుని, పడవ వెనకవైపు నంబరు రాస్తున్నాడు. చెవులు మాత్రం గుంత దగ్గరే ఉన్నాయి.

"ఏమ్మా నట్టూ, కూర్చునేది నువ్వేనటగా?"

"అవును మావయ్యా."

"జాగ్రత్త తల్లీ. మీ నాన్న కూడా బాగానే బిగించాననుకున్నాడు."

గుంతలో పానా చప్పుడు ఆగింది. నట్టు తల పైకి వచ్చింది. నుదుటి మీద గ్రీజు మరక, కళ్ళల్లో చెమట.

"మావయ్యా, నువ్వు రాసిన ఏడు ఒకటిలా ఉంది. నా పని తర్వాత చూద్దువుగాని, ముందు నీ ఏడు దిద్దుకో."

పెయింటరు వంగి చూసుకుని, నాలిక్కరుచుకుని, గుడ్డ కోసం తన షెడ్డుకి పోయాడు. తండ్రి ఉంటే ఈ జవాబుకి తొడ కొట్టుకుని నవ్వేవాడు. నట్టు నవ్వలేదు. గుంత అంచు మీద మోచేతులు ఆనించింది.

"వీళ్ళంతా నాన్న మర్చిపోయాడంటారు. నేను ఒక్క రోజు కూడా నమ్మలేదు బాబాయ్."

చిన్నోడు ఆమె ముఖంలోకి చూశాడు. తెలిసిపోయిందా? తెలిస్తే బాగుండునని కూడా అనిపించింది. తను నోరు విప్పే పని ఉండదు.

"మరి?" అన్నాడు.

"రాత్రిళ్ళు తలుపు గడియ మూడుసార్లు చూసేవాడు కదా నాన్న. పడుకున్నాక లేచి మరీ చూసేవాడు. అమ్మ విసుక్కునేది. అలాంటి మనిషి క్లిప్పు మర్చిపోతాడా?" ఆమె గొంతులో ఏడుపు లేదు. లెక్క చేసి చేసి ఒక జవాబుకి వచ్చినవాళ్ళ గొంతు అది. "మర్చిపోలేదు. కావాలనే వదిలేశాడు."

"ఏంటే ఆ మాటలు! నీకేమన్నా మతి పోయిందా?"

"అమ్మ కూడా అదే అనుకుంటోంది. పైకి అనదు. ఆ రోజు పొద్దున ఇద్దరూ గొడవపడ్డారు, నీకు తెలీదు. వంటింటి కప్పు కారుతోందని. ఊళ్ళో వాళ్ళ పడవలన్నిటికీ చిల్లులు పూడుస్తావు, నీ కొంప కారుతుంటే నీకు పట్టదు, నువ్వున్నా ఒకటే లేకపోయినా ఒకటే అందట. నాన్న ఏమీ అనకుండా చెప్పులేసుకుని వచ్చేశాడు. అంతే. అదే ఆఖరి మాట."

చిన్నోడు చేతిలో ఉన్న క్లిప్పు కింద పెట్టాడు.

"అందుకే కదా కప్పు బాగుచేయించనివ్వదు" అంది నట్టు. "వాన పడితే గిన్నె పెట్టుకుని పక్కనే కూర్చుంటుంది. నిండితే పారబోస్తుంది, మళ్ళీ పెడుతుంది. పడుకోవే అమ్మా అంటే నిద్ర రావట్లేదంటుంది."

ఆ గిన్నెని చిన్నోడు చూశాడు. ఎన్నోసార్లు చూశాడు. రెండు రేకులు వేస్తే పోతుంది వదినా, నేను ఎక్కుతా అన్నాడు కూడా. "ఉండనీరా" అంది వదిన. ఇల్లు పట్టని మనిషి మీద కోపం ఇంకా తీరలేదేమో అనుకున్నాడు. తను దాచింది ఒక పనివాడి పేరు మాత్రమే అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్ళూ. దాని కింద ఇంత ఉందని, తను నోరు మూసుకున్న ప్రతి రోజూ ఆ ఇంట్లో ఒక మనిషి తన నాలుకే మొగుణ్ణి చంపిందని కూర్చుని ఉందని, అతనికి తట్టలేదు. తట్టేదాకా వెతకలేదు.

నట్టు మళ్ళీ గుంతలోకి వంగింది. ఎల్బో మూతి దగ్గర కింది క్లిప్పు తిప్పి సరిచూసుకుని, స్క్రూ తనవైపు ఉండేలా పెట్టి పానా ఆనించింది.

"నాకేం భయం లేదు బాబాయ్. ఈ గంట కూర్చుంటే నాన్న ఆఖరున ఏ చప్పుడు విన్నాడో నాకూ తెలుస్తుంది."

"నట్టూ."

"ఊఁ."

"అది బిగించింది మీ నాన్న కాదే. నేను."

పానా కదల్లేదు. నీళ్ళు పడవ పక్కకి తగిలి తప్ తప్‌మంటున్నాయి. ఆమె తల ఎత్తలేదు.

"ఏ మూతి?"

"ఎల్బో."

"పై క్లిప్పా, కింది క్లిప్పా?"

"కిందది. స్క్రూ గోడవైపు తిరిగిపోయింది. పానా పట్టలేదు."

"విప్పి తిప్పితే పది నిమిషాలు."

"అవును."

"మరి నాన్న ఎందుకు కూర్చున్నాడు?"

"నాకు పన్ను నొప్పి. డాక్టరు దగ్గరికి పొమ్మని, తను కూర్చుంటానన్నాడు."

"నిన్ను అడిగాడా?"

"అయిపోయిందా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

నాలుక పన్ను సందులోకి పోయింది. ఆ సందుకి ఇప్పుడు నొప్పి లేదు. ఏమీ లేదు.

"అయిపోయింది అన్నాను."

నట్టు చాలాసేపు అలాగే బోర్లా పడి ఉంది. వీపు మాత్రం ఎగిరిపడుతోంది. ఏడుస్తోందేమోనని చిన్నోడు చెయ్యి చాపాడు. తాకడానికి ధైర్యం చాలక మధ్యలోనే ఆపుకున్నాడు. తర్వాత పానా ఒకసారి కదిలింది, కిర్రుమంది. మళ్ళీ కదిలిందో లేదో అతనికి తెలియలేదు. ఆమె పైకి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుని, వేలు వేలు విడిగా తుడుచుకుని, గది తలుపు వైపు చూపించింది.

"కూర్చో."

"నట్టూ..."

"నేను బిగించాను. నువ్వు కూర్చో. నాన్న కూర్చున్నట్టే."

చిన్నోడు లోపలికి దిగాడు. గదిలో కొత్త పరుపులు. వదిన కుట్టిందే ఆ గుడ్డ. తలుపు పక్కన చిన్న తెల్ల డబ్బా ఉంది. విషపు పొగ వస్తే కూతపెట్టే యంత్రం. తండ్రి పోయాక నట్టు కొన్న మొదటి వస్తువు అది. చిన్నోడు ఆ డబ్బాని మేకు మీదనుంచి తీసి ఆమెకి అందించాడు.

"ఆ రోజు అన్నకి ఇది లేదు" అన్నాడు.

నట్టు ముఖం అప్పుడు మారింది. మొదటిసారి కోపం వచ్చింది.

"నాటకాలొద్దు బాబాయ్. మేకుకి తగిలించు. నువ్వు కూడా పోతే రేవు ఆఫీసులో ఈ మాట ఎవరు చెప్తారు? నీ దెయ్యమా?"

అతను తగిలించాడు. ఆమె తలుపు మూసింది. కాసేపటికి ఇంజను దగ్గి, ఇంకోసారి దగ్గి, అందుకుంది. కాళ్ళ కింద చెక్క వణికింది. వెనక బెజ్జంలోంచి నీళ్ళు గుబుక్ గుబుక్‌మని పడుతున్న చప్పుడు.

చిన్నోడు మూలకి ఆనుకుని కూర్చున్నాడు. వేరే చోటు ఉంది, కాని కాళ్ళు అక్కడికే తీసుకెళ్ళాయి.

మొదటి పావుగంట ఆ డబ్బా మీది పచ్చదీపాన్నే చూశాడు. తర్వాత దాన్ని చూడటానికి సిగ్గేసింది. ఆ పిల్ల కింది క్లిప్పు పూర్తిగా బిగించిందా? తను ఆ మాట చెప్పినప్పుడు పానా దాని మీదే ఉంది. తర్వాత ఒక్కసారి కిర్రుమంది. ఒక్కసారేనా? ఒక్క తిప్పు చాలదు. రెండడుగులు వేసి నేల చెక్క ఎత్తితే కనిపిస్తుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. లేవలేదు. అది ధైర్యం కాదు. ఆ పిల్ల పనిని తను తనిఖీ చేయడమా? ఏ ముఖం పెట్టుకుని?

తల నొప్పిగా అనిపించింది. భయమా, పొగా? దీపం పచ్చగానే ఉంది. నొసలు తడిసిపోయింది. అన్నకి కూడా ఇలాగే అనిపించి ఉంటుందా? అన్న ఎందుకు లేచి చూడలేదు? చెక్క ఎత్తితే చాలే, అరచేతి మీదికి వేడి పొగ కొట్టేదే. రాత్రిళ్ళు గడియ మూడుసార్లు చూసేవాడే!

అప్పుడు అతనికి అర్థమైంది. గడియని మూడుసార్లు చూసుకునే మనిషి, తమ్ముడి మాటని మాత్రం ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు.

పధ్నాలుగు నెలల్లో చిన్నోడు ఏడవని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇంజను చప్పుడులో అది అతనికే వినపడలేదు. డబ్బా మీద పచ్చదీపం అలాగే వెలుగుతోంది.

తలుపు తెరుచుకుంది. సరిగ్గా గంట. నట్టు చెయ్యి అందించలేదు, అందిస్తుందని అతనూ అనుకోలేదు. ఆమె ఇంజను ఆపి, వేడిగా ఉండగానే గుంతలోకి వంగి క్లిప్పులు ఒక్కొక్కటే మళ్ళీ బిగించింది. ఒక్కొక్కటీ పావు తిప్పు కూడా తిరగలేదు. చల్లగా ఉన్నప్పుడే పూర్తిగా బిగించిందన్నమాట. తను ఆ మాట చెప్పిన తర్వాత కూడా.

షెడ్డులోకి వెళ్ళి నట్టు పలకని గోడ మీదనుంచి దించింది. స్కేలు పెట్టి, గుర్తుల వరస పక్కనే పైనుంచి కిందిదాకా ఒక నిలువు గీత గీసింది. ఒక్క వరస రెండు వరసలైంది. ఒకదాని నెత్తిన 'బిగించింది' అనీ, రెండోదాని నెత్తిన 'కూర్చున్నది' అనీ రాసింది. ఖాళీగా ఉన్న చోట, రెండో వరసలో, తండ్రి సున్నా తనే వేసింది. మెల్లగా, గుండ్రంగా. తర్వాత కుంచె చిన్నోడికి ఇచ్చింది.

"నీది నువ్వు వెయ్యి."

మొదటి వరసలో అడ్డగీత గీశాడు. గీత వంకర పోయింది. ఆ కింద అదే నంబరు మళ్ళీ రాసి, నట్టు మొదటి వరసలో ఆరు మూలల నట్టు బొమ్మ వేసింది. అది ఆమె మొదటి గుర్తు. దాని పక్కన చిన్నోడు ఇంకో అడ్డగీత గీశాడు.

రంగు ఆరకముందే వదిన క్యారియరు పట్టుకుని వచ్చింది. రోజూ వచ్చే వేళే. బల్ల మీద పలక చూసి ఆగింది.

"ఏంటే ఇది? రెండు వరసలెందుకు?"

"బాబాయ్ చెప్తాడమ్మా" అంది నట్టు. అని తల్లి పక్కకి వచ్చి నిలబడింది.

చిన్నోడు చెప్పాడు. పన్ను నొప్పి, క్లిప్పు, అయిపోయింది అన్న మాట, ఆఫీసరుతో అన్న మాట. ఒకటి విడిచిపెట్టకుండా చెప్పాడు. వదిన నిలబడే వింది. చేతిలో క్యారియరు అలాగే ఉంది. అంతా అయ్యాక, ఎవరినో అడుగుతున్నట్టు అడిగింది.

"అంటే, ఆయన నా మాట మీద పోలేదా?"

"లేదు వదినా."

"సాయంత్రం ఇంటికి వచ్చేవాడేనా?"

"వచ్చేవాడే."

ఆమె క్యారియరు కింద పెట్టి నేల మీద కూలబడింది. కూతురు పట్టుకుంది. వదిన ముఖం మీద ఉన్నది దుఃఖమో, బరువు దిగిన అలసటో చిన్నోడికి తెలియలేదు. ఆమె అతని వైపు చూసినప్పుడు మాత్రం, తన మీద ఉన్నదేమిటో తెలిసింది.

"పధ్నాలుగు నెలలు" అంది. "రోజూ వడ్డించాను కదరా నీకు. ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగాను."



"నట్టూ" అంది వదిన, చూపు తిప్పేసి. "రేపు ఎవరినైనా పిలిచి వంటింటి కప్పు వేయించు. ఇతన్ని మాత్రం పిలవకు."

క్యారియరు తీసుకుని తల్లీకూతుళ్ళు ఇంటిదారి పట్టారు. నాలుగడుగులు వేశాక నట్టు ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఆఫీసు ఐదింటికి మూసేస్తారు" అంది. అంతే.

చిన్నోడు గ్రీజు చొక్కాతోనే బయలుదేరాడు. రేవు పొడవునా నడిచి వెళ్ళాలి. మెట్ల దగ్గర పెయింటరు ఏడు అంకె చెరిపి కొత్తగా దిద్దుతున్నాడు. ఇంజను చప్పుడు విన్నాడు, ఆగడం విన్నాడు, మిగతాదేమీ వినలేదు. తల ఎత్తి కేకేశాడు.

"ఏరా చిన్నోడా, అయిపోయిందా?"

చిన్నోడు ఆగాడు. ఆ మాట నోటిదాకా అలవాటుగా వచ్చింది.

"ఇంకా లేదు" అన్నాడు. నడిచాడు.